కొట్టేవాడు

మొన్న వీధిలో ఎవరో ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తుంటే, ఆ నవాసారం పొగకి నా పళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి.

రెండో ప్రపంచయుద్ధం నాటి అనకాపల్లిలో కళాయి వేసే మస్తాన్ మామ మా నాన్నకి ప్రాణస్నేహితుడు. ఒక సాయంత్రం ఆయన నాన్నని కల్లుపాక నుంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, మా గుమ్మంలోనే పెదవి చిట్లేలా కొట్టాడు. అమ్మ చూస్తూ నిలబడింది. నేనే ఎగిరి, పొగ వాసనేసే ఆ చేతిని నెత్తురొచ్చేలా కొరికాను.

"ఒగ్గేయే పాపా! తాగితే తన్నమని ఆడిసేత నానే ఒట్టేయించుకున్నాను," అన్నాడు నాన్న. "కొట్టు బావా, ఆపకు!"

మామ ఏడుస్తూనే కొట్టాడు. ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నాను.

నాన్న మళ్లీ తాగలేదు. ఇప్పుడు నా కొడుకు తాగి వస్తున్నాడు. వాడికి స్నేహితులు బోలెడుమంది. కొట్టేవాడే లేడు.