దుకాణం, ఇల్లు, ఖుర్షీదక్క

సీపీయూ పక్కరేకు విప్పగానే ఊదు వాసన వచ్చింది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన స్క్రూలు ఒక పట్టాన కదలక నా ప్రాణం తీశాయి. తీరా రేకు చేతికొచ్చేసరికి లోపలి దుమ్ములోంచి, ఫ్యాను రెక్కల మీద పేరుకున్న నల్లటి జిడ్డులోంచి అదే వాసన. ప్రతి గురువారం సాయంత్రం ఖుర్షీదక్క తన దుకాణంలో ఊదు వేసేది. దేవుడికి కొంత, దోమలకు కొంత అని నవ్వేది. ఆ పొగంతా ఈ పెట్టె పీల్చి దాచుకుంది కాబోలు. అక్క పోయి ఏడాది దాటింది. నేనేమో స్క్రూడ్రైవరు పట్టుకుని, పని మానేసి, వాసన చూస్తూ కూర్చున్నాను.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో అక్క తమ్ముడు మస్తానన్న. ఆ పెట్టెను కోట నుంచి చిట్టమూరులోని నా సెంటర్ దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. "గూడూరులో చూపించినా కామాక్షీ. ఒక డిస్కు బాగుండాదంట, రెండోది ఖాళీ అంట. ఫార్మాట్ చేస్తే పిల్లకాయలు ఆటలాడుకోడానికి పనికొస్తాదన్నాడు. నాకు మనసొప్పలా. మా అబ్బా అక్షరాలు దాంట్లో ఉండాయా లేదా, అదొక్కటీ చెప్పు. లేవంటే నీ ఇష్టం, ఏమన్నా చేసుకో" అన్నాడు. అబ్బా అంటే వాళ్ల నాన్న. లేవని చెప్పాల్సి వస్తే ఆ మాట నా నోటితో ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

ఖుర్షీదక్క ఎవరో మీకు తెలియదు. కోటలో బస్సు దిగినవాళ్లకు మాత్రం తెలియకుండా ఉండదు. బస్టాండు పక్కన డీటీపీ సెంటర్ ఆమెది. పెళ్లిపత్రికలు, రొయ్యల గుంటల లీజు కాగితాలు, రేషన్ కార్డు దరఖాస్తులు, ఏ పనైనా అక్కడికే వచ్చేవాళ్లు. నేను పెళ్లయి కోటకు వచ్చిన కొత్తల్లో, గాజు తలుపు మీద 'మనిషి కావలెను' అన్న కాగితం చూసి లోపలికి వెళ్లాను. మాది సముద్రం ఒడ్డు పల్లె, నాయనకు పడవ ఉంది. ఆ పొద్దున కూడా చేపలు కడిగే వచ్చాను. సబ్బుతో ఎంత రుద్దినా వదలని వాసన. చేతులు కొంగులో చుట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఏందిమే, చేతులు దాచుకుంటుండావు? వేళ్లేమన్నా తక్కువుండాయా?"

"కాదక్కా, నీచు వాసన."

"కీబోర్డుకి ముక్కు లేదుమే. కూర్చో."

నా ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూ అంతే. తర్వాత ఆమె నోటి దురుసుకు నేను ఏడవని వారం లేదు. ప్రింటర్‌లో కాగితం వంకరగా పెడితే, 'నీ మొగుడి లుంగీ అయినా సక్కంగా మడతేస్తావా లేదా' అనేది. మళ్లీ తనే, అన్నం డబ్బా విప్పి సగం నా వైపు జరిపేది.

ఆమె పని పద్ధతి చూసి నాకు ఒళ్లు మండేది. పాడైన కంప్యూటర్ తెచ్చిన మనిషి ఎంత గగ్గోలు పెట్టినా, ఆమె ముందు దాని మీద చెయ్యి వేయదు. టీ చెప్తుంది. ఒకసారి రొయ్యల గుంటలు చేసే ఒకాయన ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, "పాయె, అంతా పాయెనమ్మా, మేత లెక్కలన్నీ పాయె" అంటూ వచ్చాడు. "కూర్చో అన్నా. నిన్న బాగుండిందా? బాగుండినాక ఏం జరిగింది?" అని అడిగింది అక్క. ఆయన గ్లాసు ఖాళీ చేసేలోగా, బావమరిది ఏదో నొక్కాడని, ఆ తర్వాత తెర మారిపోయిందని, వరసగా అన్నీ బయటికొచ్చాయి. అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచింది. "పోలేదన్నా. కనబడలా, అంతే. పోవడం వేరు, కనబడకపోవడం వేరు" అంది. నిజంగానే లెక్కలన్నీ వేరే చోట భద్రంగా ఉన్నాయి. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "ఆత్రగాడికి బుద్ధి మట్టు. టీ ఆయనకి కాదుమే, నాకు. ఆయన తాగేలోగా నేను ఆలోచించుకుంటా" అంది.

ఆమె సొంత కంప్యూటరే ఇప్పుడు నా ముందున్న ఈ పెట్టె. లోపల రెండు డిస్కులు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు వరసలు వచ్చేవి. పైన దుకాణం, కింద ఇల్లు. ఆ తెరకు తెలుగు ఒత్తులు సరిగ్గా రావని తిట్టుకుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో ఆమే పెట్టుకున్న పేర్లవి. దుకాణం అంటే విండోస్. పెళ్లిపత్రికల బొమ్మలు, పాత తెలుగు ఫాంట్లు, జనం పెన్‌డ్రైవుల్లో మోసుకొచ్చే వైరస్‌లు, అన్నీ అందులో. ఇల్లు అంటే లినక్స్, కంప్యూటర్‌ను నడిపే ఇంకో పద్ధతి. అది ఆమె సొంతం. అటువైపు తెరిచి ఉన్నప్పుడు మస్తానన్న పెన్‌డ్రైవు కూడా పెట్టనిచ్చేది కాదు. మామూలుగా ఆ రెండు వరసల మెనూ కొన్ని అంకెలు లెక్కపెట్టి, మనం ఏదీ ఎంచుకోకపోతే తనంతట తనే ఒకటి తెరిచేస్తుంది. అక్క ఆ లెక్క తీసేసింది. పొద్దున్నే వచ్చి మీట నొక్కితే తప్ప అది కదలదు.

"ఎందుకక్కా ఈ పని ఎక్కువ? అదే తెరుచుకుంటాది గదా" అని సణిగాను.

"ఎవురన్నా రవ్వంతసేపు బయటికి పోయినారనుకో, వచ్చిందాకా ఉండనీమే. దానికి మాత్రం ఏం తొందర?"

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఇల్లు తెరిచేది. అందులో ఆమె గీసేది అక్షరాలు. వాళ్ల నాన్న మౌలా సాయిబు ఈ తీరమంతా తిరిగి పడవలకు పేర్లు రాసిన పెయింటర్. ఆయన పోయాక ఫైబర్ పడవలు వచ్చాయి, పేర్లకు స్టిక్కర్లు వచ్చాయి. చెక్క పడవలు ఒక్కోటీ పగిలి పొయ్యిలోకి పోతుంటే, వాటితోపాటే ఆయన రాతా పోతోంది. మిగిలిన పడవల మీది అక్షరాలను ఏరి ఒక ఫాంటుగా చేయాలని అక్క పట్టుబట్టింది. మా నాయన పడవ మీద నా పేరు రాసింది ఆయనే అని తెలిసిన రోజు, నా జీతం పెంచినంత సంబరపడింది, పెంచలేదు గానీ.

ఒక ఆదివారం ఆమెను మా పల్లెకు తీసుకుపోయాను. మా వాళ్లు ఏటా పడవకు కొత్త రంగు వేసినా, పేరును మాత్రం చెరపరు. పాత గీత మీదే రంగు దిద్దుతారు. అక్క పలచటి కాగితం 'కామాక్షి' మీద పరిచి బొగ్గుతో రుద్దుతుంటే, నాయన వచ్చి ఎవరి బిడ్డవమ్మా అని అడిగాడు.

"పెయింటర్ మౌలా సాయిబు కూతుర్ని."

నాయన తలపాగా తీసి భుజం మీద వేసుకున్నాడు. "మీ నాయన అక్షరాలన్నీ కూర్చోని రాసేవోడమ్మా. తలకట్లు మాత్రం ఆఖర్న, లేచి నిలబడి, ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ఊపులో పెట్టేసేవోడు. ఎందుకు సాయిబూ అంటే, అన్నీ ఒకే గాలికి వంగాల గదా అనేవోడు."

ఆ సంగతి అక్కకు తెలియదు. మర్నాడు దుకాణానికి వచ్చీ రాగానే ఇల్లు తెరిచి, అప్పటిదాకా గీసిన తలకట్లన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టింది.

ఒక్కటి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఖ. గంగ, దుర్గ, పోలేరమ్మ, కామాక్షి, అన్ని పడవలూ చూశాం. ఏ పడవకూ ఆ అక్షరం లేదు. ఎట్టో ఒకట్ట నువ్వే గీసెయ్ అక్కా, ఎవురికి తెలుస్తాది అన్నాను.

"నాకు తెలుస్తాది గదా" అంది. మళ్లీ తనే, "నా పేరులో మొదటి అక్షరమేమే అది. మా అబ్బా ఊళ్లో ఆడబిడ్డలందరి పేర్లూ రాసినాడు. నా పేరు రాయలా. మాకు పడవ యాడుండాది, రాయడానికి?" అంది. ఎప్పుడూ ఎగతాళిగా మాట్లాడే మనిషి ఆ మాట మామూలుగా అంది.

ఆ మెనూ అక్క ఉన్నప్పుడు కూడా ఒకసారి మాయమైంది. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున ఆన్ చేస్తే, రెండు వరసల తెర రాకుండానే నేరుగా దుకాణం తెరుచుకుంది. ఇంకో డిస్కు మీద నొక్కితే, ఇది చదవడానికి రావడం లేదు, ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. అక్క రాగానే, నేను ఏమీ ముట్టుకోలేదని మొత్తుకున్నాను.

"గమ్మునుండు. ముందు గడియారం చూడు."

తెర మూలన ఎప్పటిదో పాత సంవత్సరం ఉంది. "చూసినావా? దానికి ఈరోజు ఏ రోజో తెలవడంలా. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటాది. కరెంటు లేనప్పుడు దీనికి జ్ఞాపకం అదే. ఈ ఉప్పుగాలి ఇనుమునే తింటాది, దాన్నొక లెక్క చేస్తాదా? జ్ఞాపకం పోయింది గనక, ముందు ఏ డిస్కు తలుపు తట్టాలో మరిచిపోయి, అలవాటు కొద్దీ పాతదాన్ని తట్టింది. మెనూ ఉండేది రెండోదాంట్లో."

"మరి ఫార్మాట్ చేయమంటాదేందక్కా?"

"దానికి మన ఇంటి భాష చదవడం రాదు. నీకు చదవడం రాకపోతే పుస్తకం ఖాళీ అయిపోద్దా?"

ఇప్పుడు తలుచుకుంటే, ఆమె నాకు నేర్పిన చదువంతా ఆ పొద్దునే నేర్పినట్టు అనిపిస్తుంది. తర్వాత మా ఆయన పని చిట్టమూరుకు మారింది. ఇక్కడ సెంటర్ పెట్టుకోమని వెంటబడి పెట్టించింది కూడా ఆమే. ఆ తర్వాత కడుపులో గడ్డ అన్నారు, నెల్లూరు ఆసుపత్రి అన్నారు. చివరిసారి చూడబోతే, మంచం మీంచే గోడ గడియారం చూపించి, "అది ఆగిపోయుండాదని ఎవురూ చూడలామే. ఇంక వీళ్లు నాకేం వైద్యం చేస్తారు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు కోసం ఇప్పుడు ఎక్కడికి పోవాలో తెలియదు. పని మధ్యలో ఏదైనా చిక్కుపడితే ఇప్పటికీ నోట్లోంచి 'అక్కా' అనే వస్తుంది.

ఆమె పోయాక పెట్టె మస్తానన్న ఇంట్లో, వానాకాలమంతా, వైరు కూడా తగిలించకుండా ఒక మూలన ఉండిపోయింది. గూడూరు మాట చెప్పి అతను నా ముఖంలోకి చూస్తుంటే, నేనూ ఆత్రగత్తెనే అయ్యాను. తెర మీద ఫార్మాట్ చేయమంటావా అన్న ఆ పాత ప్రశ్న చూడగానే, గడియారం సంగతి మరిచి, రేకు విప్పి డిస్కు ఊడదీయబోయాను. ఊదు వాసన ముక్కుకు తగిలాకే చెయ్యి ఆగింది. తెర మూలన చూశాను. ఎప్పటిదో సంవత్సరం.

బ్యాటరీ తీస్తే కింద పచ్చగా చిలుము. రబ్బరుతో రుద్ది, కొత్తది పెట్టి, తారీఖు సరిచేశాను. ఆన్ చేస్తే మళ్లీ దుకాణమే వచ్చింది. మస్తానన్న కుర్చీలోంచి లేచాడు. "పోనీలే కామాక్షీ. నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు, తల తిప్పుకుని. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది. దానికి రోజు చెప్పాను గానీ, ఎవరి తలుపు తట్టాలో చెప్పలేదు. మళ్లీ ఆపి, సెటప్‌లోకి పోయి, రెండో డిస్కును ముందుకు తెచ్చి ఆన్ చేశాను.

నల్లటి తెర. రెండు వరసలు. దుకాణం, ఇల్లు.

అంకెలేవీ లేవు. అది లెక్కపెట్టడం లేదు. బయటికి పోయిన మనిషి వచ్చిందాకా ఉంటానన్నట్టు ఉండిపోయింది. నా వేలు మీట మీదకు పోలేదు. బిన్నా తెరువుమే, ఆలస్యమెందుకు అంటాడనుకుంటే, మస్తానన్న కూడా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "టీ చెప్తానన్నా" అన్నాను. ఇద్దరం ఆ తెర ఎదురుగా కూర్చుని, గ్లాసులు చల్లబడేదాకా తాగాం.

తర్వాత ఇల్లు తెరిచాను. అక్షరాలున్నాయి. గళ్లు గళ్లుగా, అన్ని తలకట్లూ ఒకే గాలికి వంగి. మస్తానన్న తెరకు ముఖం ఆనించి ఒక్కొక్కటీ చదివాడు. "ఇది మా అబ్బా ల. ఇది మా అబ్బా మ" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మళ్లీ పైకొచ్చి క పక్క గడి దగ్గర ఆగిపోయాడు. ఖ గడి ఖాళీ. చదవడం రాక ఖాళీ అనిపించడం కాదు, నిజంగానే ఖాళీ. పోవడం వేరు, కనబడకపోవడం వేరు అని నేర్పిన మనిషి, పోయినదాన్ని పోయినట్టే ఉంచింది. ఇద్దరం దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు నా సెంటర్‌కి ఏ యంత్రం వచ్చినా ముందు టీ చెప్తాను, తర్వాత గడియారం చూస్తాను. నాకు టీ పిచ్చి అనుకుంటారు, అనుకోనీ. ఈమధ్య పుట్టింటికి పోయినప్పుడు, ఖ ఉన్న పేరు ఏ పడవకైనా ఉండేదా నాయనా అని అడిగాను. వల అల్లుతూ చాలాసేపు ఆలోచించి, 'పంచముఖి' అని ఒకటి ఉండేదని, సాయిబే రాశాడని, దాన్ని పులికాట్ వైపు వాళ్లకు అమ్మేశారని చెప్పాడు. అది ఇంకా నీళ్ల మీద ఉందో, పొయ్యిలోకి పోయిందో ఆయనకు తెలియదు. సరస్సు పల్లెల నుంచి కాగితం పని మీద ఎవరొచ్చినా నేను ఆ పడవ గురించే అడుగుతాను. ఎందుకమ్మా నీకు ఆ పాత పడవ అంటారు వాళ్లు.

"ఒక మనిషి పేరు రాయాల్సి ఉండాదన్నా" అంటాను. "మొదటి అక్షరం దాని మీదుండాది."