ఉప్పునీళ్ల చీటీ

ఆ రోజుల్లో తేదీ వేసి, కొలత రాసి, కింద సంతకం పెట్టిన కాగితం తప్పు చేయదని నాకు గట్టి నమ్మకం. 1983లో కరీంనగర్‌లో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఉద్యోగం తాత్కాలికం, పర్మనెంటు చేయాలో వద్దో తేల్చే తనిఖీ బృందం ఆగస్టులో వస్తుందన్నారు. మా ల్యాబుకు అలంకారం లెక్చరరు గారు పెట్టిన అరవై లీటర్ల సముద్రపు తొట్టి. ఆయనది సముద్రం ఒడ్డు ఊరు. నీళ్లు, పగడపు రాళ్లు, రెండు చారల చేపలు అక్కడినుంచే తెచ్చుకున్నారు (కాజీపేటలో రైలు దిగి, చేపల డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చారట). అందుకే పిల్లలు ఆయన్ను సముద్రం సారు అనేవారు.

జులైలో సారు తన చెల్లెలి పెళ్లికి మూడు వారాలు సెలవు పెడుతూ, "రోజూ లీటరు దాకా ఆవిరవుతుందమ్మా, ఆ మేరకు మంచినీళ్లు పోయించండి. చేపలు బతికుంటే తనిఖీవాళ్లకు మీ పేరే చెబుతాను" అన్నారు. సముద్రపు తొట్టిలో మంచినీళ్లా? పెళ్లి తొందరలో నోరు జారారనుకున్నాను. మూలన నాలుగు డబ్బాల సముద్రపు నీళ్లు ఉండనే ఉన్నాయి. ఆయన తప్పు నేను దిద్ది, మా ల్యాబు అవ్వకు (అక్కడ ఇరవై ఏళ్లుగా అటెండరు, చదవడం వచ్చు) చీటీ రాసిచ్చాను: "రోజూ ఒక లీటరు ఉప్పునీళ్లు." తేదీ, సంతకం.

వారం తిరక్కముందే రాళ్ల మీద పచ్చటి నాచు లేచింది. స్కేలు పెట్టి కొలిచాను. సోమవారం నాలుగు మిల్లీమీటర్లు, గురువారం పదకొండు. మేత సగం చేశాను, కిటికీకి నల్లగుడ్డ కట్టాను, అవ్వ చేత పీకించాను. పీకినకొద్దీ పెరిగింది.

"గిది తొట్టా, వరి మడా మేడమ్? కలుపుకు కూలోళ్లను పిలువుండ్రి" అంది అవ్వ.

"నవ్వకు అవ్వా, నా నౌకరి పోతది."

"ఫికర్ జెయ్యకు బిడ్డా, చేపలైతే మంచిగనే తిరుగుతున్నయి."

సారు తిరిగొచ్చి, ఆ పచ్చదనం చూసి, "ఏం పోశారమ్మా?" అన్నారు. గర్వంగా చీటీ చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆవిరయ్యేది నీరేనట, ఉప్పు తొట్టిలోనే మిగులుతుందట. దాని మీద మళ్లీ ఉప్పునీళ్లంటే... లెక్క నేనే వేశాను. ఇరవై ఒక్క లీటర్లు, లీటరుకు ముప్పై అయిదు గ్రాములు, దగ్గర దగ్గర ముప్పావు కిలో అదనపు ఉప్పు. చేపలు ఎప్పుడో ఊరగాయ కావలసింది. కానీ మూలన డబ్బాలు చూస్తే నాలుగూ నిండుగానే ఉన్నాయి!

"అవ్వా, ఉప్పునీళ్లు పొయ్యలేదా?"

"పొయ్యకేంది? దినాం పోసిన, మన బోరింగువి. ఉప్పునీళ్లంటే గవే గదా! సారు డబ్బాలు నేనెందుకు ముట్టుత?"

తాగడానికి పనికిరాని బోరు నీళ్లను మా దగ్గర ఉప్పునీళ్లంటారు (అక్కడే పుట్టి పెరిగిన నాకే అది తట్టలేదు). ఆ నీళ్లలోని సారం నాచుకు ఎరువైంది. వాటిలో సముద్రమంత ఉప్పు లేకపోవడం చేపలను కాపాడింది. సారు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నాలుగు డబ్బాలతో నీళ్లు మార్చారు. ముగ్గురం కూర్చుని పళ్లుతోమే బ్రష్షులతో రాళ్లకు పట్టిన నాచు వదిలించాం.

తనిఖీ రోజున, "ఈ చేపలు ఈమె చేతిలోనే బతికాయండీ" అన్నారు సారు. నేను నిజం చెప్పబోయాను. వెనకనుంచి అవ్వ కొంగు గుంజింది.

"జర నోరు మూస్కొని నిలబడు బిడ్డా. ముందుగాల నౌకరి పక్కా గానియ్యి. నిజం యాడికి వోతది?"

నౌకరి పక్కా అయింది. ప్రమోషన్ వచ్చింది, రిటైరయ్యాను. ఇక నా పెన్షన్ ఎవరూ ఆపలేరని నిబంధనలు రెండుసార్లు చదివి రూఢి చేసుకుని, ఇప్పుడు రాస్తున్నాను. అవ్వ అన్నట్టే నిజం ఎక్కడికీ పోలేదు. అవ్వే పోయింది.