మీరా హుస్సేన్ వదులుకున్న నల్లరేగడి

మొన్నమొన్నటి దాకా మా మిలిటరీ కాలనీకి శ్మశానం లేదు. మనుషులు చావక కాదు. ఎవరు పోయినా వ్యానులోనో ట్రాక్టర్ మీదో సొంతూరికి తీసుకెళ్లడం మావాళ్ల అలవాటు. ఇక్కడికొచ్చి యాభై ఏళ్లు కావస్తున్నా, మా నాన్న జక్రయ్యతో సహా అందరూ పుట్టిన ఊరినే ‘మా ఊరు’ అంటారు. ఆ మాట వింటే మా పక్కచేను మీరా హుస్సేన్ బాబాయికి ఒళ్లు మండేది.

“అది మీ ఊరైతే మరి ఇదేంట్రా, బస్టాండా?” అని అరిచేవాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఫిరంగుల పక్కన పనిచేసి ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్నాడు కాబట్టి ఆయన మామూలుగా మాట్లాడినా అరుపే. యుద్ధం సంగతులు చెప్పమంటే మాత్రం బురదలో దిగబడిన లారీ గురించో, మాడిపోయిన చపాతీల గురించో చెప్పి లేచిపోయేవాడు.

మార్టూరు దగ్గర ఈ మెట్టలో మాజీ సైనికులకు బంజరు ఇచ్చినప్పుడు అందరికంటే ముందొచ్చి గుడిసె వేసుకున్నది ఆయనే. అప్పటికి ఇక్కడ తుమ్మచెట్లు, రాళ్లు, పాములు తప్ప మరేమీ లేవట. ముందొచ్చావు కాబట్టి నచ్చిన భూమి చెక్క తీసుకోమన్నాడు సర్వేకొచ్చిన ఆఫీసరు. బాబాయి పల్లంలో ఉన్న నల్లరేగడి చెక్క చుట్టూ కొయ్యలు పాతుకున్నాడు. మా నాన్న అందరికంటే ఆఖరున, నిండు నెలలతో ఉన్న మా అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి మిగిలింది ఒక్క బండరాళ్ల చెక్క. ఆ రాళ్లు చూసి అమ్మ కూలబడి ఏడ్చిందట.

మర్నాడు పొద్దున్నే బాబాయి తన కొయ్యలు తనే పీకి, రాళ్ల చెక్కలో పాతుకున్నాడు. “మాకింకా పిల్లల్లేరుగా, రాళ్లు తినైనా బతుకుతాం” అన్నాడట. ఆయన భార్య సైదాబీ పిన్ని ఆ రోజు తిట్టిన తిట్లు కాలనీలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. నెల తిరక్కుండా ఆ నల్లరేగడి గట్టు మీద గుడిసెలో నేను పుట్టాను. కాలనీలో పుట్టిన మొదటి మనిషిని నేనే. పెళ్లయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాను.

ఆ రాళ్లలో మందుగుండు పెట్టి బండ పేల్చి బావి తవ్వాడు బాబాయి. కుళాయిలు రాకముందు కాలనీ అంతా ఆ నీళ్లే తాగింది. మా చేలో మిరప విరగకాస్తుంటే, గట్టుకు అవతల ఆయన కంది, జొన్న వేసుకుని సరిపెట్టుకునేవాడు. ఇచ్చిన చెక్క మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే మా నాన్నకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

సైదాబీ పిన్ని పోయినప్పుడు బాబాయి ఇక్కడే మట్టి చేద్దామన్నాడు. ఆమె తమ్ముడు సుభానీ ఒప్పుకోలేదు. “మా అక్కని అడివిలో వదిలిపోనా?” అని చిలకలూరిపేట తీసుకెళ్లి అక్కడి కబరస్థాన్‌లో పూడ్పించాడు. తిరిగొచ్చాక బాబాయి బావి పక్కన నాలుగు రాళ్లు పాతి, కొడుకు ముస్తాక్‌నీ నన్నూ పిలిచాడు.

“ఇది నా చోటు. ఇక్కడ పుట్టుక ఈ పిల్లతో మొదలైంది, చావు నాతో మొదలవ్వాలి. ఒక్కడన్నా మట్టిలో ఉంటేనేరా, ఇది ఊరయ్యేది” అన్నాడు.

గట్టు మీద కూర్చుని వింటున్న మా నాన్న, “నన్ను మాత్రం మా ఊరు తీసుకెళ్లండి” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఊళ్లో మాకు నిలువ నీడ కూడా లేదు. అయినా అదే పాట.

ఈ ఫిబ్రవరిలో, మిరప రెండో కోతలప్పుడు, పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టి అలాగే పక్కకి వాలిపోయాడు బాబాయి. అనాయాసంగా పోయాడు, అదొక్కటే నయం. నేను మాత్రం సిగ్గు లేకుండా ఏడ్చాను.

పేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే ముస్తాక్ వచ్చాడు. వెనకే సుభానీ వ్యాను తీసుకుని వచ్చాడు. “అక్క పక్కన చోటుంది బాబూ” అన్నాడు. “నాన్న మాట ఇంకోలా ఉంది మామా” అన్నాడు ముస్తాక్. సుభానీ ఇంక కాదనలేకపోయాడు. నాలుగు రాళ్ల మధ్య తవ్వడం మొదలుపెట్టారు.

మోకాలి లోతు దిగకుండానే గడ్డపార ఖంగుమంది. జరిగి తవ్వారు, మళ్లీ బండే. బావికి మందుగుండు పెట్టిన మనిషి తన గోతికి గడ్డపార చాలనుకున్నాడు! ఇన్నేళ్లూ ఆ నాలుగు రాళ్లు చూస్తూ తిరిగిన మాకెవరికైనా తట్టిందా అంటే, అదీ లేదు. క్వారీ నుంచి కంప్రెషర్ తెప్పిద్దామని ఎవరో అన్నారు.

“మనిషిని పూడుస్తున్నామా, కొండ పగలగొడుతున్నామా? పొద్దు వాలిపోతంది. పేటకి తీసుకెళ్దాం, ఎక్కించండి” అన్నాడు సుభానీ.

ముస్తాక్ నా వైపు చూశాడు. ఆయన్నీ ఆ వ్యాను ఎక్కిస్తే, ఆయన జీవితమంతా తిట్టిన పనే ఆయనకూ చేసినట్టవుతుంది. వ్యాను తలుపు తెరిచారు.

“ఆగండి” అన్నాడు మా నాన్న. కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. “ఇటు తీసుకురండి. మా చేలో తవ్వండి. ఇక్కడ ఎంత తవ్వినా మన్నే.”

చేను నిండా ఎర్రగా పండిన కాయలు. “కాయ కోయలేదుగా పెద్దాయనా” అన్నాడు సుభానీ, గొంతు తగ్గించి.

“వాడు కొయ్యలు పీకేటప్పుడు ఇయ్యన్నీ చూశాడా?” అన్నాడు నాన్న.

కర్ర పక్కన పడేసి, వంగి, కాయలతో ఉన్న మొక్కను రెండు చేతులతో పట్టుకుని లాగాడు. ఎనభై దాటిన మనిషి, అది వెంటనే రాలేదు. రెండోసారి వేళ్లతో సహా వచ్చింది. ఆ తర్వాత ముస్తాక్ దిగాడు, సుభానీ దిగాడు, కోతకొచ్చిన కూలీలూ దిగారు. పొద్దు గూకకముందే నమాజు చేసి మట్టి ఇచ్చారు. ఆ మెత్తటి నల్లమన్ను చూస్తే, పోనీలే, ఇప్పటికైనా ఆయన చెక్క ఆయనకు దక్కిందనిపించింది.

అందరూ వెళ్లాక కూడా నాన్న గట్టు మీదే కూర్చున్నాడు. ఇంటికి పోదాం రమ్మన్నాను.

“ఈ పక్కన నాలుగు సాళ్లు వదిలెయ్యవే. వచ్చే ఏడు మిరప వెయ్యొద్దు” అన్నాడు.

“ఎవరి కోసం నాన్నా?”

“ఎవరి కోసమేంటే? నాకోసం.”