మిల్లువారి అబ్బాయి, కొబ్బరినూనె

పోయిన శనివారం మునిసిపల్ కౌన్సిల్ వాళ్ళు పాత సామాను పట్టుకుపోతారని, ఈ పరాయిదేశంలో మేముండే గిరావీన్‌లో గరాజ్ ఖాళీ చేస్తుంటే, విరిగిన ఇస్త్రీ బల్ల వెనక మా అమ్మాయి పాత వయొలిన్ కమాను దొరికింది. దానికి కట్టిన గుర్రపు వెంట్రుకలు కొస నుంచి సగం దాకా తెల్లగానే ఉన్నాయి. సగం నుంచి పిడి దాకా గోధుమరంగు తిరిగి, అతుక్కుపోయి, దుమ్ము పట్టి ఉన్నాయి. వేలితో తాకాను. తొమ్మిదేళ్ళయినా ఇంకా జిడ్డే.

అప్పుడు అమ్మాయికి పదకొండేళ్ళు. సిటీలోని సంగీతం బడిలో సీటు కోసం ఆడిషన్‌కి సిద్ధమవుతోంది. పిల్లకి జీవితంలో ఒక్కసారే వచ్చే అవకాశం. నేర్పేది బ్లాక్‌టౌన్‌లో ఉండే చెక్ దేశపు టీచరమ్మ. డెబ్బై దాటినా వెన్ను వంగని మనిషి. ఆవిడ ఎంచిన పాట కూడా వాళ్ళ దేశం వాడిదే, రెండున్నర శతాబ్దాల కిందటి స్వరకర్తది. ప్రాగ్ నగరంలో పిండిమిల్లు వాళ్ళ అబ్బాయట. అచ్చు తనలాగే ఉండే కవల తమ్ముడితో పాటు మిల్లుపని నేర్చుకుని, అందులో ఉస్తాదు అనిపించుకున్నాక, మిల్లు తమ్ముడికి వదిలేసి సంగీతం కోసం ఇటలీ వెళ్ళిపోయాడు. అక్కడ గొప్పగొప్ప నాటకశాలల్లో అతని పాటలు మోగాయిగాని, అతని పేరు మాత్రం ఎవరికీ నోరు తిరగలేదు. "బొహీమియావాడు" అనేసి ఊరుకునేవారట. చివరికి రోమ్‌లో బీదవాడిగా పోయాడు. తణుకులో మా పుట్టింటివాళ్ళదీ రైస్‌మిల్లే. అందుకని అతను నాకు వెంటనే మా వాళ్ళబ్బాయి అయిపోయాడు. బడిలో తన పేరుని రెండక్షరాలకి కత్తిరించేసుకున్న మా అమ్మాయికైతే ఆ పేరు సంగతి విన్న దగ్గరనుంచి అతనంటే ప్రాణం.

ఆడిషన్‌కి ముందురోజు దసరా వచ్చింది. మా ఆయన డ్రిల్లింగ్ మిషనుకీ, కారుకీ, కుక్కరుకీ బొట్లు పెట్టి, వయొలిన్ పెట్టె కూడా అమ్మవారి ముందు తెరిచాను. కమాను వెంట్రుకల నిండా తెల్లటి పొడి, చుండ్రులాగా. తాకితే పొడిబారి గరుగ్గా ఉన్నాయి. అయ్యో, పిల్ల తలకి వారంవారం నూనె రాస్తున్నానే, దీన్ని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదే అని నొచ్చుకున్నాను. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, పిడి దగ్గర మొదలుపెట్టి కుదురుగా రాస్తూ సగానికి వచ్చేసరికి పులిహోర పోపు మాడుతున్న వాసన వేసింది. వంటింట్లోకి పరుగెత్తాను. మిగతా సగం మరిచిపోయాను.

మర్నాడు ఆ బడిలో అమ్మాయి పెట్టె తీసి కమాను పిడివైపు తీగల మీద పెట్టి లాగింది. బుస్సుమని గాలి తప్ప స్వరం రాలేదు. లోపలికి పిలవడానికి ఇరవై నిమిషాలే ఉంది. ఆ తెల్లపొడి చుండ్రు కాదనీ, తీగని పట్టుకోవడానికి రాసే గుగ్గిలమనీ, నూనె తగిలితే ఇక ఏం చేసినా పట్టదనీ అప్పుడు తెలిసింది నాకు. "వాట్ డిడ్ యూ డూ, అమ్మా?" అంది పిల్ల. మా ఆయన "పిల్లకి తలంటుతారుగానీ కమానుకి తలంటుతారటే!" అని తల పట్టుకున్నారు. నేను తుడుద్దామని చెయ్యి చాపితే పిల్ల వెనక్కి జరిగింది. "డోంట్ టచ్ ఇట్. డోంట్ టచ్ మీ." నా తప్పే కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మాతో వచ్చిన టీచరమ్మ దగ్గర పిల్ల కొలతకి మరో కమాను లేదు. కమానుని వెలుతురులో పెట్టి చూసి, మధ్యలో వేలు ఆనించి, "ఇక్కడి నుంచి కొస దాకా నీది. ఈ గీత దాటి కిందికి రాకు," అంది ఇంగ్లీషులో. పిల్ల తల ఊపింది. పిలిచిన మనిషి మా అమ్మాయి పేరు దగ్గరా తడబడ్డాడు, మిల్లువారి అబ్బాయి పేరు దగ్గరా తడబడ్డాడు.

తలుపు అద్దంలోంచి నేను పిల్ల మొహం చూడలేదు, కమానునే చూశాను. వేగంగా సాగే భాగం గట్టెక్కింది. తర్వాత నిదానంగా సాగేది. అందులో ఒక్కో స్వరాన్ని కమాను పొడవునా లాగాలి. ప్రతిసారీ నా జిడ్డు తీగకి నాలుగు వేళ్ళ దూరం దాకా రావడం, పిల్ల చటుక్కున వెనక్కి తిప్పడం. మెట్టినింటి దేవుళ్ళకీ పుట్టింటి దేవుళ్ళకీ కలిపి మొక్కేశాను. ఒకచోట జారనే జారింది. బుస్సుమంది. పిల్ల మాత్రం ఆగలేదు, ఊపిరి తీసుకున్నట్టుగా చిన్న విరామం ఇచ్చి మళ్ళీ అందుకుంది.

సీటు వచ్చింది. చేయి తేలిగ్గా ఉందనీ, కమాను కొసతో విరామాలిచ్చి వాయించే ఆ కాలపు బాణీ తెలిసిన పిల్ల అనీ రాశారు. చదివి టీచరమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. కొత్త కమాను, పెట్టెకి తాళం వచ్చాయి. అన్నం పెడితే తినేది, అడిగితే బదులిచ్చేది. తలకి మాత్రం మళ్ళీ నా చేత నూనె రాయించుకోలేదు. టీచరమ్మ పోయిననాడు కూడా ఏడుపంతా వాళ్ళ నాన్న భుజం మీదే.

గరాజ్‌లో కమాను పట్టుకుని నిలబడి ఉంటే వెనకనుంచి అమ్మాయి వచ్చింది. మరో వారానికి అదే మిల్లువారి అబ్బాయి పాట పెద్ద ఆర్కెస్ట్రా ముందు ఒక్కతే వాయించాలి. వారం నుంచీ నిద్రలేదు. నా చేతిలోది చూసింది. కమాను తీసుకుని, చెత్తకుప్పలో వెయ్యకుండా పక్కన పెట్టి, లోపలికెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చి, నా ముందు మెట్టు మీద కూర్చుంది.

"సగం దాకానే రాయి అమ్మా," అంది తెలుగులో.

తలకి రాస్తున్నంతసేపూ కళ్ళనీళ్ళకి నాకు వెంట్రుకలు కనిపిస్తే ఒట్టు. తొమ్మిదేళ్ళుగా ఆరనిది నూనె ఒక్కటే, కోపం ఎప్పుడు ఆరిపోయిందో మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.