చెప్పులు విప్పమన్న సత్రం

మన పిల్లలకు తెలుగు రాదని తీర్మానించి, క్రిస్మస్ నాటకం ఇంగ్లీషులోనే ఆడించాలని 2007లో ఈ పరాయి దేశంలోని మా మౌంట్ రాస్కిల్ తెలుగు సంఘం కమిటీ సంతకాలు పెట్టిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. ఒక్క పిల్లవాణ్ణయినా అడిగి రాశారా అంటే, లేదు!

దానికి ఎదురు నిలిచిన మనిషి శిరోమణి. నరసాపురం నుంచి వచ్చిన ఈమె పగలంతా రెస్ట్ హోమ్‌లో వృద్ధులకు సేవ చేసి, సాయంత్రాలు పాత దుప్పట్లతో గొర్రెల కాపరులకు అంగీలు కుట్టేది. నాటకం మొత్తం ఆమె చేతిమీదుగానే నడిచేది.

"జోనథన్ వాళ్ల అమ్మమ్మ శకుంతలమ్మ గారు ఊరి నుంచొచ్చి మనవడితో ఒక్క మాటా కలవక నవ్వుతూ కూర్చుంటున్నారు. నాటకంలోనూ అంతేనా అంకుల్?" అని కమిటీ పెద్ద దేవపాల్‌ను నిలదీసింది. శనివారం రిహార్సల్‌లో పిల్లలు తెలుగు పలికితే సరే, లేకుంటే ఇంగ్లీషేనని ఆయన గడువు పెట్టారు.

శనివారం యోసేపు వేషంలోని జోనథన్ "మాకు... స్థలము..." అని ఆగిపోయాడు.

"చాల్లే శిరోమణీ, ట్రై చేశావుగా," అంటూ దేవపాల్ లేచారు.

అంతలో జోనథన్ బురద బూట్లతో వేదిక మీది సత్రంలో అడుగుపెట్టాడు. సత్రం యజమానురాలి వేషంలోని ఎనిమిదేళ్ల ఎమిలీ నడుము మీద చేతులు పెట్టి అరిచింది: "ఏయ్! చెప్పులు బయట విప్పి రా! ఇప్పుడే తుడిచా, కళ్లు కనపడట్లేదా?"

అచ్చం వాళ్లమ్మ గొంతే.

"బైబిల్లో ఇదెక్కడుందమ్మా?" అన్నారు దేవపాల్.

"సత్రానికి నేల ఉంటుందిగా అంకుల్, ఎవరో ఒకరు తుడవాలిగా!" అంది శిరోమణి. ఆయన నవ్వి కూర్చున్నారు.

గ్రాంథిక సంభాషణలను పక్కన పడేసి, ఆమె ఒక్కొక్కరినీ ఇంట్లో ఏమంటారని అడిగింది. హేరోదు రాజు వేషం పిల్లాడికి వాళ్ల నాన్న తిట్లే సరిపోయాయి. "నువ్వు భయపడితే మీ అమ్మ ఏమంటుందిరా?" అంటే జోనథన్ చెప్పాడు. అదే మరియతో చెప్పమంది.

ప్రదర్శన నాడు హాలు నిండింది. నీరసించిన మరియ చెయ్యి పట్టుకుని యోసేపు స్పష్టంగా పలికాడు: "ఏం కాదు నాన్నా, నేనున్నాగా!"

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలోంచి శకుంతలమ్మ గారు లేచి, "ఆడపిల్లని నాన్నా అనకూడదురా, తల్లీ అను!" అని కేకేశారు.

"సరే అమ్మమ్మా. ఏం కాదు తల్లీ."

"ఆఁ, అట్లా! బంగారం, అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు అమ్మమ్మా. నువ్వు?"

తెర వెనక నుంచి శిరోమణి గొంతు వినిపించింది: "యోసేపు గారూ, భోజనాల సంగతి తర్వాత చూసుకుందురుగాని, ముందు గాడిదను లాగండి!"