మళ్ళీ సారు

"ఇరవయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నారు. కస్టమర్ల ముందు కూర్చుని, బ్యాకప్ రెండు చోట్ల ఎందుకని అడుగుతారా? వాళ్ళేమనుకుంటారు?"

అద్దాల గదిలోంచి సేల్స్ మేడమ్ గొంతు నడవా చివరిదాకా వినిపిస్తోంది.

"ఏమనుకుంటారో నాకు అర్థం కాలేదండీ. మళ్ళీ చెప్పండి."

తలుపు దభీమంది. మేడమ్ బయటికొచ్చి, ఎదురుగా ఉన్న నాతో, "మీ సారుకి బుర్ర అరిగిపోయింది" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది.

ఆయన జబ్బు అదొక్కటే. ఏం చెప్పినా అర్థం కాదు. మళ్ళీ చెప్పాలి. అందుకే ఆఫీసంతా ఆయన్ని మళ్ళీ సారు అంటుంది. మామూలు ఇంజనీరుగా చేరి, కంపెనీకి మొదటి ప్రోగ్రాములన్నీ తన చేత్తో రాసి, చివరికి టెక్నాలజీ మొత్తానికి పెద్దయ్యారు. ఆ రెండు బ్యాకప్‌ల ఏర్పాటు కూడా ఆయనదేనట. కుర్చీ పెరిగేకొద్దీ తెలివి తగ్గుతుందనడానికి మా వాళ్ళు ఆయన్నే చూపించేవారు.

లిఫ్టు బాగుచేసే మనిషిని పట్టుకుని అది పైకెలా వెళ్తుందో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఈలోగా మేమందరం మెట్లెక్కి ఆయాసపడుతున్నాం. ఆయన భార్య ఒకసారి ఆఫీసుకొచ్చినప్పుడు నాతో, "గిన్నెలు కడగమన్నా అర్థం కాలేదంటారు బాబూ. ఇంట్లో మాత్రం అది పచ్చి నాటకం" అంది.

కాలేజీ మధ్యలో మానేసిన నన్ను ఆర్నెల్ల షరతు మీద పనిలోకి తీసుకున్నారు. పని వస్తే ఉంటాను, రాకపోతే ఇంటికే. ప్రతి సోమవారం మీటింగులో, కస్టమర్లు వచ్చినప్పుడు కూడా, మూల కుర్చీలో కూర్చుని అన్నీ రాసుకునేవాణ్ణి. సగం మాటలు తలమీంచి పోయేవి. అడిగితే డిగ్రీ లేదన్న సంగతి అందరికీ గుర్తొస్తుంది. అడక్కపోతే పని రాదు. అదృష్టం బాగుండి, నాకు తెలియనివే సారుకీ తెలిసేవి కావు. మా టీము లీడరు పళ్ళు నూరుకుంటూ ఆయనకి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పేవాడు. నేను చకచకా రాసుకునేవాణ్ణి.

ఒక సోమవారం జ్వరమొచ్చి వెళ్ళలేదు. మర్నాడు లీడరు ఆశ్చర్యపోతూ చెప్పాడు.

"నిన్న మీటింగు పావుగంటలో అయిపోయిందిరా. సారుకి ఒక్క సందేహం కూడా రాలేదు. నువ్వు లేకపోతే ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయి."

అతను నవ్వేశాడు. నాకు మాత్రం నా పెన్ను గుర్తొచ్చింది. అది ఆగినప్పుడల్లా సారు గొంతు సవరించుకునేవారు.

ఉద్యోగం ఖాయమైన రోజు నేరుగా ఆయన గదిలోకి వెళ్ళిపోయాను. నాకు చుట్టూ తిప్పి మాట్లాడడం రాదు.

"ఆ ప్రశ్నలన్నీ నా కోసమే అడిగారు సార్. మీవల్లే ఇక్కడున్నాను. థాంక్స్."

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. వినడానికి బాగున్నట్టుంది, మూడోసారి కూడా చెప్పించుకున్నారు.

తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకో సాయం చెయ్యి" అన్నారు. "సోమవారం కొత్తమ్మాయి చేరుతోంది. మూల కుర్చీ తనకిచ్చి నువ్వు నా పక్కన కూర్చో. తన పెన్ను ఆగితే ఈసారి నువ్వడుగు. ఇప్పటికే నా బుర్ర అరిగిందంటున్నారు, కొన్నాళ్ళు నీది అరగనీ."