స్కోపుకు చేసిన పూజ

నేను ఆదిలాబాద్‌లో కానిస్టేబుల్‌ని. పోలీసు రైఫిల్ టీములోకి జిల్లాకు ఒకరిని తీసుకుంటారని, ఎంపికైన వాళ్లకు కరీంనగర్‌లోనే పోస్టింగు ఇస్తారని తెలిసిన రోజు నా కాళ్లు భూమ్మీద నిలవలేదు. కరీంనగర్ నుంచి మా హుజూరాబాద్ ఎంత దూరమని? పొద్దున డ్యూటీకి పోయి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. మూడేళ్ల నా బిడ్డ అక్కడ మా అవ్వ దగ్గర పెరుగుతోంది. దాని తండ్రి దుబాయిలో ఉన్నాడు. కన్నతల్లినై ఉండి నేను సెలవు దొరికినప్పుడు చుట్టపుచూపుగా పోయి వస్తున్నాను.

నాకిచ్చింది పాత ఎస్సెల్లార్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు పోతుంది, తర్వాతిది దానంతటదే ఎక్కుతుంది. మంచి తుపాకే, కానీ దూరపు గురి చూసే స్కోపు పెట్టడానికి చేసింది కాదు. ఆ గొట్టాన్ని తుపాకి పైమూత మీదే బిగించాలి. మూతేమో పలచటి రేకు, వదులుగా ఆడుతుంటుంది. మూత కదిలితే గురి పోయినట్టే. మా ఆయుధాల గది చూసే హెడ్ కానిస్టేబుల్ కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి, ఆ రేకు ముక్కల్ని మూత అంచుల్లో దూర్చి బిగించారు.

"ఇగ సూడు బిడ్డా, భూకంపమొచ్చినా కదలది" అన్నారు.

నిజంగానే కదల్లేదు. కాల్చడం, స్కోపు మర తిప్పి గురి దిద్దడం, మళ్లీ కాల్చడం. చివరికి ఎక్కడ చూస్తే అక్కడే గుండు పడింది. సంతోషం పట్టలేక ఆయన కాళ్లు మొక్కాను.

ఎంపిక పోటీ దసరా మర్నాడు. కాల్పుల రేంజిలో హెడ్ కానిస్టేబుల్ రైఫిల్ అందించగానే పసుపు వాసన వచ్చింది. మూత అంచున కుంకుమ కనిపించింది.

"సార్, ఆయుధపూజకు మూత తీసిండ్రా?"

"తియ్యకుంటె పూజెట్లయితది? అందరియి పైపైన బొట్టు వెట్టిన. నీదైతె మొత్తం ఇప్పి, నూనె వెట్టి, లోపట గూడ బొట్టు వెట్టిన. మల్ల ఎట్లున్నదట్లనే బిగించిన. ఫికర్ జెయ్యకు."

ఎట్లున్నదట్లనేనట! నెత్తి బాదుకోవాలనిపించింది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అంత దూరాన గుండు ఎటో పోతుందని ఆయనకు తెలియక కాదు. అమ్మవారి ముందు పెట్టిన తుపాకి గురి తప్పదని నమ్మారు, అంతే. నా మీద ప్రేమతో చేసిన మనిషిని ఏమని తిట్టను?

పోటీ నడిపే అధికారి దగ్గరికి ఉరికాను. "సార్, మూత కదిలింది. గురి సూసుకోనీకి రెండు గుండ్లు ఇయ్యుండ్రి."

"నీ ఒక్కదానికి రూలు మారుస్తమా? పోయి నీ జాగల పండుకో!"

నేల మీద బోర్లా పడుకున్నాను. స్కోపులో నల్లచుక్క ఎంత చక్కగా కనిపించిందో! కాల్చాను. అవతల ఎర్రజెండా ఊగింది. తప్పింది. ఎటు తప్పిందో తెలిస్తే కదా దిద్దుకోవడానికి! ఎడమకు జరిపి చూశాను, కుడికి జరిపి చూశాను. మళ్లీ మళ్లీ అదే జెండా. గురిబోర్డు వెనక దిబ్బ మీద లేచే దుమ్మును పట్టుకుని లెక్క సరిచేసుకునేసరికి ఆఖరి గుండు మిగిలింది. అది నడిమధ్యన తగిలింది. ఏం లాభం? సెలక్షన్ పక్క లైన్లో కాల్చినవాడికి పోయింది.

హెడ్ కానిస్టేబుల్ గారు వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చారు. "ఎట్లయింది బిడ్డా?"

"కాలే సార్. గాలి జర ఎక్కువుండె."

ఆయన నా నెత్తి నిమిరారు. "పరేషాన్ గాకు. వచ్చే ఏడు గింతకన్న పెద్ద పూజ జేద్దాం."

సరేనని తల ఊపాను.

సాయంత్రం అవ్వకు ఫోన్ చేశాను. నా ఏడుపు వినగానే అవ్వకు సంగతి అర్థమైంది. ఫోన్ బిడ్డకిచ్చింది.

"బంగారం, నిన్ను సూడనీకి జల్ది వస్త" అన్నాను.

"నువ్వు రాకు" అంది.

"ఎందుకే?"

"వస్తె మల్ల పోతవ్."